కొరికే ఇల్లు

పౌలీనా తేతకి మతి చెడిందన్న కబురు ఎమిల్ చెవిన వేసింది అతని పెళ్ళాం డొలోరెస్. పొద్దుటినుంచీ చర్చి నేలమాళిగలో పిరోహీలు ఒత్తి వచ్చింది; వేళ్ళ సందుల్లో పిండి ఇంకా ఎండి ఉంది. శుక్రవారం అమ్మకానికని ఆడవాళ్ళంతా బల్లల చుట్టూ చేరి, బంగాళదుంప ముద్దని పిండిలో పెట్టి అంచులు నొక్కుతూ కూర్చుంటే ఊళ్ళో ఎవరి గుట్టూ దాగదు.

"ఇల్లు కొరుకుతోందిట," అంది చేతులు కడుక్కుంటూ.

"ఎవరిల్లు?"

"తేత ఇల్లు. గోడ మీద చెయ్యి వేస్తే చాలు, కసుక్కున కొరుకుతోందిట. కొడుక్కి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. పాపం రుడీ, పని మానుకుని క్లీవ్‌లాండ్ నుంచి పరిగెత్తుకొచ్చాడు."

తేత అంటే వాళ్ళ పాత దేశపు మాటలో పిన్ని; ఆ కొండవీధిలో పెద్ద వయసు ఆడవాళ్ళందరూ తేతలే. కానీ పేరు పెట్టకుండా తేత అంటే పౌలీనాయే. పాదిరిగారు కూడా అలాగే పిలుస్తాడు.

ఎమిల్ సూప్ తాగుతున్నవాడు ఫక్కున నవ్వాడు. "నేను కిటికీలకి ఎర్ర రెక్కలు పెట్టి ముస్తాబు చేశాను కదా, ఇంటికి పొగరెక్కి ఉంటుంది."

డొలోరెస్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వేసి, వెంటనే శిలువ గుర్తు వేసుకుంది. "ఊరుకో, పాపం. మొన్నామధ్య పొయ్యి మీద గిన్నె పెట్టి చర్చికొచ్చేసిందా, ఇల్లంతా పొగ. ఇప్పుడిదీ. సోమవారం వృద్ధాశ్రమంలో చేర్పిస్తాట్ట రుడీ. మంచం ఖాళీ ఉందని వాళ్ళు చెప్పారుట."

"ఈ మాత్రానికే ఆశ్రమమా?"

"ఈ మాత్రమేమిటి! రుడీ గోడంతా తడిమి చూశాడు, ఏమీ లేదు. ఆవిడేమో పగలు కొరకదు, సాయంత్రమే అంటుంది. అదీ వరండా లైటు వేశాకేనట. అదీ జోళ్ళు విప్పి గోడకి పట్టిన మసి కడుగుతున్నప్పుడు మాత్రమేనట. దయ్యాలు కూడా ఇన్ని షరతులు పెట్టవమ్మా!"

ఎమిల్ చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సాయంత్రం. లైటు వేశాక. వట్టికాళ్ళు, తడినేల. డొలోరెస్‌కి అవి పిచ్చిదాని మాటలు. ఎమిల్‌కి మాత్రం ఒక్కొక్కటే వచ్చి గుండెల మీద కూర్చున్నాయి.

మదర్స్ డేకని రుడీ కొనిచ్చిన రెక్కలవి. మూసుకునేవి కావు, కిటికీకి చెరోవైపు గోడకి అతికించి ఉంచడమే, అందానికి. తేత గోడలేమో తెల్లటి అల్యూమినియం రేకు పలకలు. రెక్కలతోపాటు పెట్టెలో పొట్టి ప్లాస్టిక్ మేకులు కూడా వచ్చాయి. ఎమిల్ వాటిని చూసి పెదవి విరిచాడు. నది మీంచి వచ్చే గాలికి కిందటేడు అతని చెల్లెలి ఇంటి రెక్క ఊడిపోయి పక్కింటివాళ్ళ కారు మీద పడింది. తన చేత్తో పెట్టింది అలా ఊడకూడదు. అందుకని చూపుడు వేలంత పొడుగు స్క్రూలు తెచ్చి, రేకులోంచి, వెనక పాత చెక్కలోంచి, ఇంకా లోపలికి దిగేదాకా బిగించాడు. వీధి తలుపు పక్క కిటికీ ఎడమ రెక్క బిగిస్తున్నప్పుడు ఒక్కచోట స్క్రూ మెత్తగా దిగింది. ఆ తర్వాత చిన్నగా కరకరమంది. పాత చెక్క కదా అనుకుని ఇంకో రెండు తిప్పులు తిప్పాడు. వరండా లైటు తీగ సరిగ్గా ఆ గోడలోంచే పైకి వెళ్తుందన్నది అప్పుడతనికి తట్టలేదు.

"ఏం, ఉప్పు తక్కువైందా?" అంది డొలోరెస్.

"లేదు. కాలింది," అన్నాడు ఎమిల్. సూప్ చల్లారిపోయి చాలాసేపయింది.

*

శుక్రవారం పొద్దున వెళ్ళేసరికి తేత మెట్ల మీదే ఉంది. తలకి రుమాలు, ఒంటిమీద చచ్చిపోయిన మొగుడి స్వెట్టరు. చేతిలో చీపురుంది కానీ ఊడవడం లేదు.

"వచ్చావా నాయనా? నువ్వొక్కడివైనా వస్తావనుకున్నా." చీపురు పక్కన పడేసి అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "ఇదిగో, ఇక్కడ. చెయ్యి పెట్టు. పెట్టరా, భయపడకు."

ఎమిల్ కాళ్ళకి మందపాటి రబ్బరు బూట్లున్నాయి. లైటు వేసి లేదు. చెయ్యి పెట్టాడు.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది తేతా." అది నిజమే మరి.

"పగలు అంతే, పిల్లిలా పడి ఉంటుంది. సాయంత్రం చూడాలి దీని సంగతి! ముందు చీమ కుట్టినట్టు ఉంటుంది. గుడ్డ బాగా తడిసిందా, మోచేతిదాకా ఝుమ్మంటుంది. మొన్న బకెట్టు మీద పడ్డాను." స్వెట్టరు చెయ్యి పైకి లాగి కమిలిన మచ్చ చూపించింది. "నాకు పిచ్చి లేదురా ఎమిల్. నీకు తెలుసు కదా, నాకు పిచ్చి లేదు."

రుడీ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళ కింద వాపు. తల్లి తల మీదుగా ఎమిల్ వంక చూసి, "విన్నావుగా" అన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు. చెడ్డవాడు కాదు రుడీ. మూడురాత్రుల నిద్ర లేదు, అంతే.

"గాలికి రెక్క ఏదన్నా వదులైందేమో చూసి పోతాను," అన్నాడు ఎమిల్.

"చూడు, చూడు. కాఫీ పెడతాను," అని తేత లోపలికి వెళ్ళింది. ఫోన్ మోగితే రుడీ కూడా వెళ్ళాడు.

ఎమిల్ ఎడమ రెక్క పై స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించాడు. పెట్టేటప్పుడు ఎంత గట్టిగా బిగించాడో తియ్యడానికి అంత తంటాలు పడాల్సి వచ్చింది. ఆఖరికి ఊడి అరచేతిలో పడింది. కొసన మరల మధ్య సన్నటి ఎర్రపసిడి రంగు పొడి మెరుస్తోంది. గోటితో గీరాడు. రాగి.

ముసలామె నీళ్ళ మడుగులో నిలబడి రెండు చేతులూ ఆనించి ఉంటే? బకెట్టు మీద కాకుండా గోడ మీదికే తూలి ఉంటే? చచ్చిపోయేది. వీధి వీధంతా గుండె ఆగి పోయిందనుకునేది. ఎమిల్ వచ్చి శవపేటిక మోసేవాడు.

ఇదీ చెప్పాల్సిన సమయం. కిటికీలోంచి రుడీ గొంతు వినిపిస్తోంది: "అవునండీ, సోమవారమే... లేదండీ, కొట్టడం, తిట్టడం అలాంటివేమీ లేవు. ఏవేవో ఊహించుకుంటుంది, అంతే." ఎమిల్ నోరు తెరిచాడు. ఉక్కు మిల్లులో అతను పనిచేసే కొలిమి ఆర్పేసి ఇంటికి పంపేశాక ఈ చేతిపని పేరు మీదే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. తేతకి కరెంటు పెట్టిన ఎమిల్ అని పేరు పడితే ఆ వీధిలో ఇంకెవరు మేకు కొట్టనిస్తారు? నోరు మూసుకున్నాడు.

పొట్టి ప్లాస్టిక్ మేకులు వ్యాన్‌లోనే ఉన్నాయి. ఒకటి తెచ్చి ఆ కన్నంలో దూర్చి నొక్కాడు. చక్కగా కూర్చుంది. ఇంక రేకుకీ తీగకీ సంబంధం లేదు. ఇంక కొరకదు. తేత మామూలుగా మసి కడుక్కుంటుంది, రుడీ క్లీవ్‌లాండ్ పోతాడు, లోపల గీరుకుపోయిన తీగ సంగతి ఎప్పుడో తీరిగ్గా వచ్చి చూడొచ్చు. ఎంత తేలిగ్గా సర్దుకున్నాడు! ఈల వెయ్యాలనిపించేంత తేలికపడింది అతని ఒళ్ళు.

"ఏమన్నా కనపడిందా?" రుడీ వచ్చి అడిగాడు.

"ఏం లేదు."

"తీగలూ గీగలూ ఏమన్నా..."

"ఏం లేదు రుడీ. అంతా బానే ఉంది."

తేత తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి ఉంది. వింది. ఎమిల్ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ట్రే బల్ల మీద పెట్టి, అక్రోటు రొట్టె కోసి ఇచ్చింది. ఎమిల్ తిన్నాడు. ఇంకోటి పెడితే అదీ తిన్నాడు.

*

శనివారం సాయంత్రం రుడీయే వచ్చి పిలిచాడు. "ఒక్క పది నిమిషాలు రా. నీ మాటంటే ఆవిడకి గురి. నువ్వు ముందుంటే నాకూ ధైర్యం."

తేత ఇంటి ముందు గడ్డంతా నీళ్ళు పెట్టి తడిపి ఉంది. వరండా లైటు వెలుగుతోంది. తేత జోళ్ళు విప్పి మెట్టు మీద పక్కపక్కన సర్ది, గౌను అంచు నడుముకి దోపుకుని నిలబడింది. ఇదంతా తానే పెట్టించిందట, ఎలా కొరుకుతుందో అలాగే చూపిస్తానని.

మంచిదే అనుకున్నాడు ఎమిల్. ముట్టుకుంటుంది, ఏమీ కాదు. అమ్మయ్య, తగ్గిపోయింది అంటుంది. అంతటితో సరి.

తేత కాలిన పెనం మీద వేలు పెడుతున్నట్టు, ఒక వేలు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని గోడని తాకింది. కళ్ళు తెరిచింది. మళ్ళీ తాకింది. అరచెయ్యి ఆనించింది. గుడ్డ నీళ్ళలో ముంచి, పిండకుండా రేకుకి అద్దింది. నీళ్ళు మోచేతి మీదుగా కారాయి. ఏమీ కాలేదు.

"అమ్మా," అన్నాడు రుడీ.

"ఉండరా."

ఎడమ రెక్క కింద, కుడి రెక్క పక్కన, తలుపు చట్రం దగ్గర, వంగి, మడమలెత్తి, రెండు చేతులతో గోడంతా తడుముకుంటూ ఇంటి మూలదాకా వెళ్ళింది. తిరిగి వచ్చింది. చెంప రేకుకి ఆనించి నిలబడిపోయింది.

"కొరకవే," అంది గోడతో మెల్లగా. "ఒక్కసారి కొరుకు. వీడు చూడాలి."

రుడీ ముఖం పక్కకి తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు. ఎమిల్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. చెప్పు, చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు.

"ఎమిల్, నిన్న నువ్వు విప్పి చూశావు కదూ?"

"చూశాను తేతా."

"ఏం లేదన్నావు."

"...అవును."

"నువ్వు రేకు పని తెలిసినవాడివి," అంది తేత. తల ఊపుకుంది. వచ్చి మెట్టు మీద కూర్చుని, అంచుతో ఒక్కో పాదమూ తుడుచుకుంది. చిటికెన వేలి సందు దాకా తుడిచింది. "అయితే ఆ కొరకడం నా తలలోనేనన్నమాట. గిన్నె మాడినప్పుడే అనుకోవాల్సింది." బడికి వెళ్ళబోయే పిల్ల గొంతుతో అడిగింది: "సోమవారానికి ఏ బట్టలు సర్దుకోవాలి రుడీ? అక్కడ చలి ఉంటుందా?"

కొరకని గోడని చూసి సంబరపడుతుందనుకున్నాడు ఎమిల్. ఆమె దగ్గరున్న ఒక్క సాక్ష్యాన్నీ తానే పీకి జేబులో వేసుకున్నానని ఇప్పుడు తెలిసింది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా వీధి దిగి ఇంటికి పోయాడు.

*

ఆదివారం పూజ అయ్యాక, కార్లో కూర్చుని, తాళం తిప్పకుండా డొలోరెస్‌కి మొత్తం చెప్పాడు.

ఆమె కారు ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ అంది: "ఇప్పుడు చెప్పి ఏం ఉద్ధరిస్తావు? కొరకడం ఆగిపోయిందిగా. ఆవిడ కూడా వెళ్తానని ఒప్పుకుందిట. వయసు ఎలాగూ మీద పడింది. నీ పని పోతే మన బతుకేమిటి?"

"అవును."

"అవునంటే?"

"నువ్వన్నవన్నీ నేనూ అనుకున్నాను. శుక్రవారమే అనుకున్నాను."

డొలోరెస్ చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఉన్నట్టుండి అతని వైపు తిరిగింది. "ఆవిడ పెట్టిన రొట్టె కూడా తిని వచ్చావా?"

"తిన్నాను."

"ఛీ," అంది డొలోరెస్. "పోనియ్యి కారు. నేను మాత్రం దిగను. నాకు ముఖం చెల్లదు."

తేత ఇంటి ముందు రుడీ కారు వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఒక పెట్టె, ఒక దిండు. రుడీ తల్లి కుర్చీని ఎలా పెడితే పడుతుందా అని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఎమిల్ నేరుగా వెళ్ళి స్క్రూ అతని కళ్ళముందు పెట్టాడు.

"మీ అమ్మకేం కాలేదు రుడీ. నేనే. ఇది తీగలో దిగింది. శుక్రవారం తీసేసి మీకు చెప్పలేదు. అందుకే నిన్న కొరకలేదు."

రుడీ స్క్రూ చూశాడు. ఎమిల్‌ని చూశాడు. కుర్చీ కింద పెట్టి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు మంచివాడివి ఎమిల్. మా నాన్న పోయినప్పటినుంచీ ఈ ఇంటి ముందు మంచు ఎత్తిపోసింది నువ్వే, నాకు తెలుసు. కానీ ఇలాంటి అబద్ధాలాడి ఆవిణ్ణి ఇక్కడే ఉంచేస్తే రేపు ఏ అర్ధరాత్రో ఏదన్నా అయితే నేనేం చెయ్యను?"

ఎమిల్‌కి తల తీసేసినట్టయింది. నిజం చెప్తే కూడా మంచితనం కిందే జమ కట్టేంత పేరు ఉంది తనకి! "అబద్ధం కాదయ్యా! ఇదిగో, రాగి చూడు!"

"ఏ గొట్టానికో రాసుకుని ఉంటుంది."

ఇంక మాటలతో పని కాదని ఎమిల్ ఇంటికి పరిగెత్తి, వ్యాన్‌లో ఉన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ప్లాస్టిక్ మేకు పీకి పారేసి, పొడుగు స్క్రూని పాత కన్నంలోకే దించాడు. అదే మెత్తదనం, అదే కరకర. అప్పుడు పాత చెక్క అనుకున్న ఆ చప్పుడు ఇప్పుడు పళ్ళలో వినిపించింది. కుళాయి తిప్పి గడ్డి తడిపాడు. బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు, తేత నిలబడే చోట నిలబడ్డాడు.

"లైటు వెయ్యి."

రుడీ నిట్టూర్చి లోపలికి చెయ్యి పెట్టి స్విచ్ నొక్కాడు. మబ్బు పట్టిన ఆ పగటివేళ వరండా లైటు వెలవెలబోతూ వెలిగింది. ఎమిల్ వేలి వెనకవైపు రేకుకి తాకించాడు. చెయ్యి దానంతటదే ఎగిరిపడింది. "అబ్బా!" అని రెండడుగులు వెనక్కి తూలాడు.

"చాలు ఎమిల్," అన్నాడు రుడీ విసుగ్గా. "నాటకాలొద్దు."

"రుడీ."

దోమల జాలీ తలుపు వెనక తేత నిలబడి ఉంది. ప్రయాణానికని మంచి గౌను తొడుక్కుంది. ఎంతసేపటినుంచి వింటోందో.

"బూట్లు విప్పరా," అంది.

"అమ్మా, నువ్వు కూడా..."

"విప్పమన్నానా!"

యాభై ఏళ్ళవాడు, చిన్నపిల్లాడిలా గొణుక్కుంటూ విప్పాడు. ప్యాంటు మడిచి తడిగడ్డిలోకి దిగాడు. ఎమిల్ వంక చిరాగ్గా చూస్తూనే చెయ్యి వెనక్కి తిప్పి గోడకి తాకించాడు.

"యేసు మరియమ్మా!"

రెండో ఇంటిదాకా వినపడింది ఆ కేక. చెయ్యి చంకలో పెట్టుకుని వంగిపోయాడు. లేచాక ఎమిల్ వైపు చూడలేదు, తల్లి వైపే చూశాడు.

"నొప్పెట్టిందా?" అంది తేత.

"పెట్టిందమ్మా."

"ఊఁ."

తలుపు తోసుకుని బయటికొచ్చింది. ఇప్పుడైనా నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో, తిడుతుందేమోనని ఎమిల్ చూశాడు. కొడితే బావుండునని కూడా అనుకున్నాడు. ఆమె నింపాదిగా వచ్చి పై మెట్టు మీద నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అనుమానం గురువారం తేతా. శుక్రవారం తెలిసింది."

"అంటే నిన్న నేను గోడంతా తడుముతున్నప్పుడు?"

"తెలుసు."

తేత ఆ మాటని కాసేపు నోట్లో పెట్టుకున్నట్టు దవడలు కదిపింది. "రాత్రి పడుకోలేదు నేను. బళ్ళో పాఠం చెప్పిన పంతులమ్మల పేర్లు, నా పెళ్ళికి వచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నా. అన్నీ వచ్చాయి. వచ్చినా నమ్మలేదు. చెయ్యి చెప్పిందే అబద్ధమైతే ఈ పేర్లు మాత్రం నిజమని ఏముంది, ఇవీ నేనే కల్పించుకుంటున్నానేమో అనుకున్నా."

"తేతా, నన్ను..."

"ఎనభై ఏళ్ళుగా ఉన్న చెయ్యి ఇది. దీన్ని కాదని నీ నోటిని నమ్మానురా."

ఎమిల్ కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. "తీగ మారుస్తాను. రెక్కలన్నీ విప్పేసి..."

"నువ్వు ముట్టుకోకు," అంది తేత. కోపంగా కాదు, పాలవాడితో రేపట్నుంచి వద్దని చెప్పినట్టు అంది. "కరెంటు పని తెలిసినవాణ్ణి రుడీ పిలుచుకొస్తాడు. అందాకా అది ఉన్నచోటే ఉండనీ. వచ్చినవాడు చూడాలి." వెనక్కి తిరిగి, చెయ్యి లోపలికి పెట్టి స్విచ్ ఆర్పేసింది. ఆ పని చెయ్యాలని మగవాళ్ళిద్దరికీ తోచనే లేదు.

"పెట్టె లోపల పెట్టు రుడీ. ఆ దిండు కూడా."

రుడీ వట్టికాళ్ళతోనే వెళ్ళి పెట్టె దించుకొచ్చాడు. తల్లీకొడుకులు లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది.

ఎమిల్ బూట్లు తొడుక్కోవడానికి మెట్టు మీద కూర్చోబోయాడు. కూర్చోలేకపోయాడు. ఒంటికాలి మీద నిలబడి, తూలుతూ, గోడ పట్టుకోవడానికి చెయ్యి రాక, తడికాలికి మేజోడు ఎక్కించుకుంటున్నాడు. అది ఒక పట్టాన ఎక్కడం లేదు.